రెప్పపాటుకి డెబ్బై రెండు

బుసాన్‌లో, గమ్మాన్ రేవు గేటు ఎదురుగా, నేలమాళిగలో
తాక్ ఒక్బున్ గారి పీసీ బంగ్.
గంటకి పదిహేనువందల వోన్లు. నూడుల్స్‌కి వేరే.
రాత్రి పదింటి నుంచి తెల్లారి ఆరు దాకా
కౌంటరు నాది, పొయ్యి నాది, పీకిన కేబుళ్ళు నావి.

పై దవడ పళ్ళకని దాచుకున్న డబ్బు
మార్చిలో పన్నెండు మానిటర్లై మెట్లు దిగింది.
ఫోర్ కె. రెండువందల నలభై హెర్ట్జ్.
ఒక్కో తెరనీ ఆవిడే తుడిచింది
పసిపిల్ల మూతి తుడిచినట్టు.
తర్వాత కుడివైపు మాత్రమే నములుతూ
నా చేతి నూడుల్స్ తింది.

"అబ్బ, వెన్నలా జారుతోంది" అన్నాడు మొదట కూచున్నవాడు.
ఇక అందరూ వెన్నే.
ఆ వారం ఆ మాట ఎన్నిసార్లు విన్నానో,
గంటకి రెండువేలన్నా ఎవరూ నోరెత్తలేదు.

జూన్‌లో ఓ రాత్రి గాలి ఎక్కువై క్రేన్లు ఆపేశారు.
పియో గ్యూచల్ తడి బూట్లతో వచ్చి ఏడో నంబర్లో కూచున్నాడు.
కారు పందెం. పది నిమిషాలు.
నన్ను పిలిచాడు.
"ఇది ఆలస్యంగా వస్తోంది."
ఏది?
"బొమ్మ. చెయ్యి వెళ్ళిపోయాక వస్తోంది."

నలభై మీటర్ల పైన గాజు గదిలో కూచుని
కొక్కెం ఎటు ఊగబోతోందో ఊగక ముందే పసిగట్టి
ముప్పై టన్నుల పెట్టెని ఓడలో దించే మనిషి.
కాదనడానికి నేనెవర్ని?

మానిటరు తిప్పి చూశాను.
పాత కేబులు.
పన్నెండింటికీ పాత కేబుళ్ళే. బిగించింది నేనే.
సెకనుకి అరవై బొమ్మలు దాటితే మోయలేని సన్నటి గొట్టాలు.
కొత్తవి అట్టపెట్టెల్లోనే, థర్మోకోల్ కింద,
మెలిపెట్టిన తీగ కూడా విప్పకుండా
చీపుర్ల గదిలో నిద్రపోతున్నాయి, మూడు నెలలుగా.

మార్చాను. సెట్టింగు తెరిచాను. రెండువందల నలభై.
మౌసు కదిపితే బాణం గుర్తు గెంతలేదు, నడిచింది.
ఎనభై మూడు లక్షల చుక్కలు పెట్టి, రంగులద్ది, చెరిపి
మళ్ళీ పెట్టి, మళ్ళీ చెరిపి.
నేనొక్కసారి రెప్ప వేసేలోపు
డెబ్బై రెండు బొమ్మలు నాకు చెప్పకుండా వెళ్ళిపోయాయి.
వాటిని ఎవరి కోసం గీసినట్టు?

అసలు సంగతి బల్ల కింద ఉంది.
గ్రాఫిక్స్ కార్డులు నాలుగేళ్ళ కిందటివి.
విస్తరి చూస్తే పెళ్ళిది, గిన్నె చూస్తే ఇద్దరికి.
ఇన్నాళ్ళూ అరవై వడ్డించి కునుకు తీసినవి
ఇప్పుడు లేచి, రొప్పి, ఫ్యాన్లు అరిచి
తొంభై దగ్గర చేతులెత్తేశాయి.
పన్నెండు కార్డులు ఒక్కసారే కరెంటు జుర్రుకుంటే,
పక్కన నా పొయ్యి,
టప్.

చీకటి.
తలుపు మీద పచ్చగా పారిపోయే బొమ్మమనిషి ఒక్కడే వెలుగు.
ఎవడో గెలవబోతున్నవాడు బూతు తిట్టాడు.
ఎక్కడో నూడుల్స్ జుర్రిన చప్పుడు.
చెప్పులు టపటపలాడిస్తూ ఒక్బున్ గారు టార్చితో దిగింది.

దాచలేదు. మూడు నెలలు, నా చేతిపని, అన్నాను.
నాలుకతో ఖాళీ చిగురు తడుముకుంటూ
చాలాసేపు ఊరుకుంది.
"మరి ఇన్నాళ్ళూ వాళ్ళు వెన్నన్నది దేన్ని?"

గ్యూచల్ నవ్వలేదు. బూటు లేసు కట్టుకుంటున్నాడు.

పన్నెండు కొత్త కార్డులంటే కింది దవడ కూడా పోతుంది.
అందుకని పది తెరలకి చుక్కలు తగ్గించాం.
కాస్త మసక, కాస్త చురుకు.
ఎవరూ ఏమీ అనలేదు. వెన్న అన్నారు.
ఏడుకీ ఎనిమిదికీ మాత్రం కొత్త కార్డులు, వాయిదాల మీద.
ఒక్కోటి ఇటుకంత బరువు.

బిగించిన తెల్లవారుజామున ఆవిడే ఏడులో కూచుంది.
ఆట తెలీదు. మౌసుని కుడికీ ఎడమకీ
బియ్యం చెరిగినట్టు ఆడించింది.
తేడా తెలుస్తోందా అన్నాను.
"లేదు" అంది.
చెయ్యి మాత్రం ఆపలేదు.